కుటుంబ చరిత్ర: లేదు

ఇరవై మూడో ఏడు, రోజు 88

నాలుగో పందిట్లో వంగ ఆకుల అడుగున ఎర్రనల్లి కనబడింది. ఉదయం ఏడింటికి మూడు వరసల్లో ఉంది. మధ్యాహ్నానికి పదకొండు వరసలకు పాకింది. పక్కనే ఐదో పందిట్లో చిక్కుడు ఉంది. రెండింటికీ మధ్య అడ్డం ఒక్క గుడ్డ తెర.

పురుగుమందు కొట్టే బండ్లు పన్నెండో ఏట ఆగిపోయాయి. వాటి లోపలి సామాను నీటి యంత్రానికి వాడుకున్నాం. అప్పటినుంచి మనుషులే కొడుతున్నారు. జట్టులో నలభై ఆరుగురు. తొడుగు వేసుకుని, వీపున డ్రమ్ము కట్టుకుని, ఒక్కొక్కరు అరగంట. పందిరి నాలుగు వైపులా మూసి ఉంటుంది కాబట్టి కొట్టిన మందు బయటికి పోదు. పందిరి తెరిస్తే పంట గంటలో మాడిపోతుంది.

సాయంత్రం కుసుమ వంతు ముగించుకుని, స్నానాల కొట్టంలో ఒళ్లు కడుక్కుని నా దగ్గరికి వచ్చింది. కుసుమ మా అక్క అలివేలు కూతురు. ముప్పై మూడేళ్లు. ఎనిమిదేళ్లుగా జట్టులో ఉంది.

"ఏటి పిన్నీ, ముక్కు మూసుకుంటన్నావు? అంత కంపు కొడతన్నానా?"

"కుంకుడు రసం ఇంకోసారి పోసుకో."

"మూడుసార్లు పోసుకున్నాను. ఇంకోసారి పోస్తే ఊడిన తోలు నువ్వు గోడకంటించుకోవాల."

గోడ అంటే అన్నశాల గోడ. ఇరవై మూడేళ్ల కిందట ఈ పందిళ్లకు రాకముందు పదహారేళ్లు పత్రికలో పనిచేశాను. ఇక్కడ పత్రిక లేదు. ఏ రోజు ఏం జరిగిందో రాసిపెట్టే పని సంఘం నాకిచ్చింది. రాసినది శనివారం శనివారం గోడకు అంటిస్తారు. చదివేవాళ్లు చదువుతారు. మిగతావాళ్లు చదివినవాళ్లను అడుగుతారు.

రోజు 92

ఏడాదికోసారి తీసే రక్తం ఇవాళ తీశారు. మందు కొట్టే పనికి పనికిరానివాళ్లు ఎవరో వైద్యశాల తలుపు మీద రాసి ఉంటుంది. నలభై దాటినవాళ్లు. ఎప్పుడూ నోరూ కళ్లూ ఎండిపోయే జబ్బు ఉన్నవాళ్లు. కుటుంబంలో ఫాలిక్యులర్ లింఫోమా అనే తెల్లకణాల క్యాన్సర్ వచ్చినవాళ్లు. లక్ష కణాల్లో పది ముళ్లు దాటినవాళ్లు. పొగతాగే ఆడవాళ్లు అని ఐదో మాట కూడా ఉండేది. చుట్టలు దొరకడం మానేశాక దాన్ని కొట్టేశారు.

ముడి అంటే ఏమిటో ఇక్కడ చిన్నపిల్లలకూ తెలుసు. కొన్ని తెల్లకణాల్లో పద్నాలుగో క్రోమోజోము ముక్కా, పద్దెనిమిదో క్రోమోజోము ముక్కా తెగి ఒకదాని చోట ఒకటి అతుక్కుంటాయి. ఆ అతుకే ముడి. ముడి పడిన కణం చావవలసిన వేళకు చావదు. చాలామంది రక్తంలో నాలుగైదు ముళ్లు ఉంటాయి, చాలామందికి ఏమీ కాదు. కొందరికి పదేళ్లకో, ఇరవై ఏళ్లకో మెడలోనో చంకలోనో గజ్జల్లోనో బిళ్లలు కడతాయి. నొప్పి ఉండదు. వైద్యం చేస్తే తగ్గుతాయి, మళ్లీ వస్తాయి.

కుసుమ ముళ్లు మొదటి ఏడు రెండు. తర్వాత వరసగా రెండు, మూడు, మూడు, ఐదు, ఆరు, ఏడు. ఈ ఏడు తొమ్మిది.

"పది దాటితేనే కదా, పిన్నీ. తొమ్మిదంటే పాసే."

రోజు 96

ఫలితాలు నకలు రాసుకోవడానికి వైద్యశాలకు వెళ్లాను. డాక్టర్ రహమతుల్లా మూడేళ్ల కిందట ఉత్తరం పందిళ్ల నుంచి వచ్చారు. కొట్టే మందు మార్చమని సంఘానికి నాలుగు ఉత్తరాలు రాశారు. వేరే మందు లేదని నాలుగింటికీ జవాబు వచ్చింది.

కుసుమ ఎదుట కూర్చుని ఉంది. ఆయన చీటీ చూస్తున్నారు.

"తొమ్మిది వచ్చిందమ్మా. ఏటా పెరుగుతోంది. మీ ఇంట్లో ఎవరికీ ఈ జబ్బు లేదు కదా? చీటీలో లేదనే ఉంది."

"లేదండి."

"సరే."

"మా అమ్మకి వచ్చింది గానండి, నాకు పెళ్లయిపోయింది కదా."

డాక్టరు కలం కింద పెట్టారు. ఆయన ఏదో సరదాకి అంటోందనుకున్నట్టు ఆమె వంక చూసి, తర్వాత నా వంక చూశారు.

"మీ అమ్మగారికి ఎప్పుడొచ్చింది?"

"తొమ్మిదేళ్లయింది. ఎనిమిదేళ్లు బానే ఉంది. నిరుడు పోయింది."

"మీ అమ్మగారికి వస్తే మీ పెళ్లికీ దానికీ ఏమిటి సంబంధం?"

కుసుమకు ప్రశ్న అర్థం కాలేదు. పెళ్లయిన పిల్లకు పుట్టింటి జబ్బు అంటదని ఇక్కడ అందరికీ తెలుసు. జబ్బు తెలిసిన రోజున అలివేలు కొడుకు సోమేశ్వర్‌ని మందు కొట్టే జాబితా నుంచి తీసేశారు. కుసుమకు అప్పటికి పెళ్లయి రెండేళ్లు. ఆ మరుసటి ఏడు ఆమెను జట్టులోకి పిలిచారు. ఎవరూ అడ్డు చెప్పలేదు.

నేనూ చెప్పలేదు. పదహారేళ్లు, ఎవరు ఏది చెప్పినా 'నీకెలా తెలుసు' అని అడగడమే నా ఉద్యోగం. ఇది మాత్రం అడగలేదు.

రోజు 97

ఇళ్ల పుస్తకాలు లింగమూర్తి దగ్గర ఉంటాయి. డెబ్బై ఏళ్లు దాటిన గుమస్తా. మొదటి ఏడు నుంచీ ఆయనే రాస్తున్నాడు. ఒక ఇంటికి ఒక పుస్తకం, ఇంటిపేరు అట్ట మీద. కుసుమ పేజీ అడిగాను. అత్తవారి పుస్తకం తీశాడు. కుటుంబ చరిత్ర అన్న గడిలో 'లేదు' అని ఉంది.

"మూర్తిగారూ, ఈ గడి దేన్ని చూసి నింపుతారు?"

"పుస్తకాన్ని చూసి. ఇంకేం చూస్తానమ్మా?"

"ఏ పుస్తకం?"

"ఆవిడ ఉన్న పుస్తకం. ఆడపిల్లకి పెళ్లయితే పుట్టింటి పుస్తకంలో పేరుకి గీత కొడతాం, అత్తింటి పుస్తకంలో ఎక్కిస్తాం. రేషన్ కార్డుల నాటినుంచీ అదే పద్ధతి."

"మరి పుట్టింట్లో తల్లికి జబ్బొస్తే?"

"ఆ పుస్తకంలో 'ఉంది' అని రాస్తాను. ఆ ఇంట్లో ఎంతమంది ఉంటే అంతమంది చీటీల్లోనూ 'ఉంది' అని పోతుంది."

"కోడలి చీటీలో కూడానా?"

"కోడలు ఆ ఇంటి మనిషి కాదా ఏమిటి?"

ఆయన అబద్ధం ఆడలేదు. దాచిందీ ఏమీ లేదు. ఇరవై మూడేళ్లు ఒక్క తప్పు రాయకుండా ఆ గడి నింపాడు. చీటీ మీద 'లేదు' అని చూసి ముగ్గురు డాక్టర్లు రక్తసంబంధంలో లేదనుకున్నారు. పుస్తకంలో లేని జబ్బు ఒంట్లోకీ రాదని జనం అనుకున్నారు.

కుసుమ పేజీ అడుగున పెళ్లినాటి సాక్షి సంతకం ఉంది. గుండాబత్తుల సువర్చల. అది నాదే.

రోజు 103

ఆరు రోజులు పుస్తకాలు చూశాను. ఏడు వందల రెండు ఇళ్లు. ప్రతి ఆడమనిషి పుట్టింటి పుస్తకం వెతికి పక్కన పెట్టుకోవలసి వచ్చింది.

ఇరవై మూడేళ్లలో మందు కొట్టినవాళ్లు నాలుగు వందల పన్నెండు మంది. వాళ్లలో పందొమ్మిది మందికి జబ్బు వచ్చింది. మూడు వందల తొంభై ముగ్గురికి ఇప్పటివరకు రాలేదు. మందు ముట్టుకోనివాళ్లలో పన్నెండు మందికి వచ్చింది. ఆ పన్నెండు మందిలో ఐదుగురికి ఇంట్లో జబ్బు లేదు, మందు వాసన లేదు, వయసూ లేదు.

జబ్బు వచ్చిన పందొమ్మిది మందిలో పద్నాలుగురు పెళ్లయి వేరే ఇంటికి వెళ్లిన ఆడవాళ్లు. పద్నాలుగురి చీటీల్లోనూ 'లేదు'. పుట్టింటి పుస్తకాలు చూస్తే తొమ్మిది మందికి తల్లికో తండ్రికో తోడబుట్టినవాళ్లకో ఉంది.

ఇప్పుడు జట్టులో ఉన్న నలభై ఆరుగురిలో, తలుపు మీద రాసిన మాట ప్రకారం, ఉండకూడనివాళ్లు పదిహేడు మంది. పదిహేడు మందీ ఆడవాళ్లే. మొదటి పేరు కుసుమది.

ఐదో పందిట్లో చిక్కుడు ఆకులు కంచురంగుకు తిరిగాయి.

రోజు 104

సంఘం పెద్ద తవిటమ్మకు లెక్క చూపించాను. ఆమె చదవదు. నేను చదివితే రెండుసార్లు వింది. మూడోసారి పదిహేడు మంది పేర్లు మాత్రం చదివించుకుంది.

"నువ్వు రాసింది అబద్ధమని నానన్ను. పదిహేడు మందిని తీసేత్తే మిగిలిందెంత?"

"ఇరవై తొమ్మిది. అత్తగారి జబ్బుకి ఊరికే తప్పించుకున్న కోడళ్లు ఆరుగురున్నారు. వాళ్లని పిలిస్తే ముప్పై ఐదు."

"నల్లికి ఎంతమంది గావాల?"

"అరవై."

"మరి?"

  తవిటమ్మ కాగితాన్ని తిరిగి నా ముందుకు తోసింది. తర్వాత అంది:

"శనివారం గోడకి అంటించు. నాను దాసిపెట్టానంటే రేపు నా మొకం మీదే ఉమ్మేత్తారు. అంటించినాక ఏటవుద్దో నాకు తెల్దు. నీకూ తెల్దు."

రోజు 105

అంటించాను. మధ్యాహ్నం అన్నం బంతి గంటన్నర ఆలస్యమైంది. జనం కంచాలు పట్టుకుని గోడ దగ్గరే నిలబడిపోయారు.

వంటశాల పోలమ్మకు ముప్పై ఆరేళ్లు. అత్తగారి జబ్బు కారణంగా మందు కొట్టే పని తప్పిన ఆరుగురు కోడళ్లలో ఆమె ఒకతె.

"మా అత్త బతికినన్నాళ్లూ నన్ను రాసి రంపాన పెట్టింది. పోతూ పోతూ ఈ ఒక్క మేలు సేసిపోయిందనుకున్నాను. నీ కాగితంతో అదీ పోయిందమ్మా సువర్చలమ్మా."

నవ్వుతూనే అంది. నాకు అంబలి మాత్రం గరిటె తక్కువ పోసింది.

కుసుమ గోడ దగ్గరికి రాలేదు. తన పేరు ఎన్నో వరసలో ఉందని సాయంత్రం అడిగింది. మొదటిదని చెప్పాను.

"అయితే అమ్మ నాకూ ఇచ్చిందన్నమాట. తమ్ముడొక్కడికే ఇచ్చిందనుకున్నాను."

"జబ్బు ఇవ్వలేదే. రావడానికి వీలు ఇచ్చింది. రెండూ ఒకటి కాదని డాక్టరు పదిసార్లు చెప్పారు."

"ఆయనకేం, చెప్తారు."

రోజు 107

నాకు అరవై ఒకటి. ఈ జబ్బు మెల్లగా వస్తుంది. ఇప్పుడు ముడి పడినా బిళ్ల కట్టేసరికి నేను ఉండను. ఈ లెక్క చెప్పి నన్ను జట్టులోకి తీసుకోమన్నాను. వయసే అన్నిటికన్నా పెద్ద ప్రమాదం, ముసలివాళ్ల రక్తంలో ముళ్లు ముందే ఎక్కువ ఉంటాయి అన్నారు డాక్టరు. అయినా ఒప్పుకున్నారు. నాలాంటివాళ్లు మరో ఎనిమిది మంది వచ్చారు.

తొడుగు లోపల వేడి నలభై నాలుగు డిగ్రీలు. డ్రమ్ము పదహారు కిలోలు. నేను పదకొండు నిమిషాలు నిలబడ్డాను. తొమ్మిది మందిలో అందరికన్నా ఎక్కువ నిలబడ్డవాడు పద్దెనిమిది నిమిషాలు. అతన్ని జోలెలో మోసుకొచ్చారు. సాయంత్రానికి తేరుకున్నాడు. మళ్లీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

రోజు 110

అన్నశాలలో చేతులెత్తించారు.

డాక్టరు అడిగింది ఒక్కటే. పుస్తకాలు సరిచేసి, పదిహేడు మందిని ఆపి, పంట కొంత పోయినా పోనివ్వండి. ఎంత పోతుందని అడిగారు. రెండు పందిళ్లు అన్నాడు తోటల మేస్త్రి. రెండు పందిళ్లంటే రోజుకు మనిషికి ఒక పూట తిండి.

అప్పుడు గౌరునాయుడు లేచాడు. ముప్పై తొమ్మిదేళ్ల మనిషి, జట్టులో అందరికన్నా పాతవాడు. అతని భార్య నా లెక్కలోని పద్నాలుగురిలో ఒకతె. నాలుగేళ్ల కిందట పోయింది.

"మా ఆడదానికి పుస్తకంలో లేదన్నారు. పంపారు. పోయింది. పుస్తకంలో ఉందన్న ఇళ్లోళ్లు ఇరవై ఏళ్లు నీడన కూకున్నారు. నల్లి ఆళ్ల కూడు తినేత్తాదా, మా కూడే తినేత్తాదా? ఇప్పుడు ఆళ్లని రమ్మనండి."

"నాయుడూ, అలా పంపితే ఎవరికి ఎక్కువ ప్రమాదమో వాళ్లనే ఏరి పంపినట్టవుతుంది" అన్నారు డాక్టరు.

"ఇన్నాళ్లూ సేసిందేటి బాబూ? ఏరే కదా పంపారు. తెలీక ఏరారు, అంతే."

తవిటమ్మ చేతులెత్తమంది.

తీర్మానం: చీటీలో కుటుంబ చరిత్ర అన్న గడి ఇక ఉండదు. ముళ్ల హద్దు పది నుంచి యాభైకి పెంచారు. జబ్బు బయటపడినవాళ్లను మాత్రమే ఆపుతారు. కొత్తగా కావలసినవాళ్లను ముందు 'ఉంది' అని ఉన్న యాభై ఎనిమిది ఇళ్ల నుంచి పిలుస్తారు. అనుకూలం పదకొండు వందల నాలుగు. వ్యతిరేకం మూడు వందల పన్నెండు.

తప్పు రాసే గడిని సరిచేయమని కాగితం అంటించాను. గడినే తీసేశారు.

లింగమూర్తి ఇంటికి వెళ్తూ నా దగ్గర ఆగాడు. "ఇరవై మూడేళ్లు రాశానమ్మా. ఒక్క దిద్దుబాటు లేదు" అన్నాడు. 

రోజు 118

కుసుమ మెడకు ఎడమ పక్కన, చెవి కింద, బిళ్ల. శనగగింజ కన్నా పెద్దది, ఉసిరికాయ కన్నా చిన్నది. తొడుగు పట్టీ అక్కడ బిగుసుకుంటోందని చూసుకుందట.

"నొప్పి ఉందా?"

"లేదు. నొప్పుంటే బాగుణ్ను కదా పిన్నీ?"

నొప్పి ఉంటే మామూలు వాపు కావచ్చు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అలివేలు పక్కన ఎనిమిదేళ్లు కూర్చున్న పిల్ల.

డాక్టరు చంకలో మరొకటి చూశారు. మెడ బిళ్ల నుంచి ముక్క తీశారు.

రోజు 122

ఫాలిక్యులర్ లింఫోమా. ఇది ఈ ఏడు పుట్టింది కాదనీ, బిళ్ల కట్టడానికి కొన్నేళ్లు పట్టి ఉంటుందనీ డాక్టరు అన్నారు.

కుసుమ భర్త బయట కరెంటు పుట్టించే సోలార్ రేకులు కడిగే పనిలో ఉన్నాడు. అతను వచ్చేదాకా ఆగుదామన్నాను. ఆమె ఆగలేదు.

"ఇప్పుడేం చేస్తారండి?"

"ఇప్పుడేమీ చేయం. మూడు నెలలకోసారి చూస్తాం. బిళ్లలు పెరిగితే, బరువు తగ్గితే, జ్వరం వస్తే అప్పుడు వైద్యం మొదలుపెడతాం. ముందే మొదలుపెట్టినందువల్ల ఎక్కువ రోజులు బతికినట్టు ఎక్కడా తేలలేదు."

"అమ్మకీ ఇలాగే చూస్తూనే ఉన్నారు."

"అవును."

"ఎందువల్లొచ్చింది డాక్టరుగారూ? మందు వల్లా, అమ్మ వల్లా?"

 "మందు వల్ల పెరిగి ఉండొచ్చు. అమ్మ వల్ల పెరిగి ఉండొచ్చు. రెండూ లేకపోయినా వచ్చి ఉండొచ్చు. లెక్క వెయ్యి మంది గురించి చెబుతుందమ్మా. ఒక్క మనిషి గురించి అడిగితే దానికి నోరు రాదు."

తీర్మానం ప్రకారం ఇవాళ్టినుంచి కుసుమ జట్టులో లేదు. పేరు కొట్టేశారు. రోజు 96 నుంచి నేను కోరుకుంటున్నది అదే.

రోజు 125

కొత్త జాబితా వచ్చింది. 'ఉంది' అని ఉన్న ఇళ్ల నుంచి పదిహేను మంది. ఏడో పేరు సోమేశ్వర్, కుసుమ తమ్ముడు. ఇరవై ఎనిమిదేళ్లు. నీటి యంత్రం దగ్గర పని. మందు డ్రమ్ము ఏనాడూ ముట్టుకోలేదు.

కుసుమ పొద్దున్నే లింగమూర్తి గదికి వెళ్లింది. నేను వెనకే వెళ్లాను.

"మా తమ్ముడి వంతు నేను చేస్తాను. రాసుకోండి."

"నిన్ను తీసేశారు కదమ్మా."

"తీసేసింది నా వంతుకి. వాడి వంతుకి కాదు. జబ్బొచ్చినోళ్లని ఆపాలని ఎందుకన్నారు? ఆళ్లకి రాకుండా ఉండాలని. నాకొచ్చేసింది. ఇంక నాకేటి రావాల?"

లింగమూర్తి పుస్తకం తిరగేశాడు. కాసేపటికి తల ఎత్తాడు.

"ఇంకో చిక్కుంది. ఒక ఇంటి వంతు ఆ ఇంటి పుస్తకంలో ఉన్న మనిషే చేయాలి. నీ పేరు ఆ పుస్తకంలో లేదు. పదకొండేళ్ల కిందట గీత కొట్టాం."

కుసుమ కోప్పడుతుందనుకున్నాను. నవ్వింది.

"అమ్మ జబ్బుకి నేను ఆ ఇంటి దాన్ని కాననే కదా మందు కొట్టించారు తాతా. ఇప్పుడు మందు కొడతానంటే కూడా ఆ ఇంటి దాన్ని కానంటావా? ఏదో ఒక దానికి నన్ను ఆ ఇంట్లో పుట్టనియ్యి."

ఆయన నా వంక చూశాడు. నేను కుసుమ చేయి పట్టుకుని బయటికి లాగాను. వద్దన్నాను. బిళ్లలున్న మనిషి మందు పీలిస్తే జబ్బు ఇంకా చెడుతుందో లేదో డాక్టరుకూ తెలియదు. తెలియనప్పుడు పీల్చకపోవడమే మంచిదని చెప్పాను.

"వాడికి ఇంకా రాలేదు పిన్నీ. అమ్మ కడుపున పుట్టినోళ్లలో ఒకడైనా మిగలాల."

పంచాయితీ తవిటమ్మ దగ్గరికి వెళ్లింది. సోమేశ్వర్ అక్కడికి వచ్చి, అక్క వెళ్లడానికి వీల్లేదని అరిచాడు. కుసుమ అతని వైపు తిరగలేదు. నీటి యంత్రం మేస్త్రి అంతకుముందే వచ్చి కూర్చున్నాడు. సోమేశ్వర్ అక్కడినుంచి కదిలితే యంత్రం నడవదని అతను చెప్పాడు. తవిటమ్మ ముందుగా కుసుమ మెడ మీద చేయి వేసి బిళ్ల తడిమింది. ఆ తర్వాత లింగమూర్తితో అంది.

"రాయి. పుట్టింటి పుస్తకంలో ఎక్కించు."

లింగమూర్తి అలివేలు ఇంటి పుస్తకం తీశాడు. గీత కొట్టిన పేరు కింద మళ్లీ కుసుమ అని రాశాడు. తీర్మానంతో రద్దయిన గడి ఆ పాత పేజీలో ఇంకా ఉంది. ఎవరూ అడక్కుండానే అందులో 'ఉంది' అని రాశాడు. అది ఆయన మొదటి దిద్దుబాటు.

రోజు 131

కొత్తగా పిలిచిన పదిహేను మంది రక్తం ఫలితాలు వచ్చాయి. నకలు రాయడం నా పని. వంతు అక్క చేస్తున్నా, పేరు జాబితాలో ఉంది కాబట్టి సోమేశ్వర్ రక్తమూ తీశారు.

లక్షకు ముప్పై ఎనిమిది.

రెండోసారి యంత్రంలో పెట్టించాను. ముప్పై ఎనిమిదే. యంత్రం తప్పేమో అన్నాను. డాక్టరు తన రక్తం పెట్టి చూపించారు. నాలుగు.

"అతను ఏ రోజూ మందు కొట్టలేదు" అన్నాను.

"తెలుసండి."

"మరి?"

"తల్లి కావచ్చు. ఏమీ కాకపోవచ్చు. అతనికి ఎప్పటికీ జబ్బు రాకపోనూ వచ్చు. కుసుమగారికి అసలు మందు కొట్టకపోయినా వచ్చి ఉండేదేమో."

"అయితే ఆమె వెళ్లి లాభం ఉందా లేదా?"

"సువర్చలగారూ, మీరు నన్ను పత్రికవాళ్లు అడిగినట్టు అడుగుతున్నారు. ఉంది అని రాసుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు. లేదు అని రాసుకోవడానికీ లేదు."

నాలుగో పందిరి తలుపు దగ్గరికి వెళ్లేసరికి కుసుమ తొడుగు వేసుకుని ఉంది. మెడ పట్టీ బిళ్లకు తగలకుండా పాత గుడ్డ మడిచి పెట్టుకుంది. తవిటమ్మ ఇంటి కోడలు ఆమె వీపుకు డ్రమ్ము కడుతోంది. లోపల మందు తెల్లగా కమ్మి ఉంది, వరసలు కనిపించడం లేదు.

"రక్తాలు వచ్చాయంటగా పిన్నీ? మావాడిది ఎంత?"

నా సంచీలో నకలు కాగితం ఉంది. సోమేశ్వర్ పేరు ఏడో వరసలో.

"రెండు" అన్నాను.

"రెండేనా?"

"రెండే."

"నాకు మొదట్లో రెండే ఉండేది." ముసుగు కిందికి లాక్కునే ముందు నా వంక చూసి నవ్వింది. "చూసావా? నేను చెప్పలేదూ, వాడికి రాలేదని?"

తలుపు తీశారు. లోపలికి వెళ్లింది. తలుపు మూశారు. టైము పది ఇరవై. అరగంట వంతు.

సోమేశ్వర్‌కు సాయంత్రం అసలు అంకె చెప్పాను. అతను అక్కకు చెప్పొద్దన్నాడు. చెప్పనన్నాను.

ఎల్లుండి శనివారం. పద్నాలుగు అంకెలు నిజమైనవి, ఒక్కటి మాత్రం 'రెండు' అని మార్చినది, కాగితం సిద్ధం చేశాను. ఇరవై మూడేళ్లలో గోడకు నేను అంటించే మొదటి అబద్ధం అది. ఈ పేజీ అంటించను.